జిల్లా ఫుట్‌బాల్ జట్టును వచ్చే సీజన్‌కు సిద్ధం చేసుకోవడం ఎలా

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో ఫుట్‌బాల్ జట్టును నడిపేవారికి సీజన్ ఫలానా తేదీన ముగిసిందని ఎవరూ చెప్పరు. ఇంటర్ పరీక్షలు దగ్గరపడుతుంటే ప్రాక్టీసుకు వచ్చేవారు తగ్గిపోతారు, మార్చి ఎండలు ముదిరేసరికి గ్రౌండ్ ఖాళీ అవుతుంది, మళ్లీ వానలు పడి నేల మెత్తబడేదాకా జట్టు ఊసు ఎవరూ ఎత్తరు. అయితే వచ్చే ఏడాది జట్టు ఎలా ఆడబోతుందన్నది చాలావరకు ఈ ఖాళీ నెలల్లోనే తేలిపోతుంది. ఏప్రిల్ నుంచి జులై చివరిదాకా ఉన్న ఆ సమయంలో ఏమేం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట. పెద్ద క్లబ్బులు వేసవిలో ఎవరిని తెచ్చుకోవాలా అని ఆలోచిస్తాయి. మన జట్లకు అంతకంటే ముందున్న ప్రశ్న, అక్టోబరులో ఊళ్లో ఎవరుంటారన్నది. ఆట ఎంత బాగా వచ్చినా వారంలో ఒక్కరోజు కూడా గ్రౌండ్‌కు రాలేని కుర్రవాడి చుట్టూ జట్టును అల్లుకుంటే, మొదటి రెండు మ్యాచ్‌ల తరువాత ఆ అల్లిక ఊడిపోతుంది. కింద చెప్పిన పనులన్నీ ఈ ఒక్క లెక్క మీదనే ఆధారపడి ఉన్నాయి.

గోల్స్ పుస్తకం

కొత్తవారి కోసం వెతకడానికి ముందు, గత సీజన్‌లో మనం తిన్న గోల్స్ అన్నింటినీ ఒక నోటుబుక్కులో రాయాలి. కొట్టిన గోల్స్ అందరికీ గుర్తుంటాయి గనుక వాటిని తరువాత రాసుకున్నా నష్టం లేదు. ఒక్కో గోల్‌కు ఒక్కో వరుస కేటాయించి, ఎన్నో నిమిషంలో పడింది, బంతి ఎటువైపు నుంచి వచ్చింది, కార్నరా, ఫ్రీ కిక్కా, ఆటలో వచ్చిన పాసా, గోల్ పోస్టుల ముందు మనవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఆ రోజు ఎవరు రాలేదు అనే వివరాలు నమోదు చేయాలి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉండవచ్చు: ‘72వ నిమిషం, కుడివైపు కార్నర్, రెండో పోస్టు దగ్గర ఎవరూ లేరు, రైట్ బ్యాక్ పిక్క పట్టేసి పది నిమిషాల ముందే బయటికి వచ్చాడు, అతని స్థానంలో దిగినవాడు వింగర్.’ రైట్ బ్యాక్ అంటే కుడివైపు వెనుక కాపాడేవాడు, వింగర్ అంటే అంచు వెంట ముందుకు వెళ్లి దాడి చేసేవాడు. ఈ ఒక్క వరుసను సరిగా చదివితే, మనకు ఆ రోజు కరువైంది గొప్ప రైట్ బ్యాక్ కాదనీ, బెంచీ మీద రెండో రైట్ బ్యాక్ లేకపోవడమే అసలు లోపమనీ తెలుస్తుంది.

జ్ఞాపకం మీద ఆధారపడి రాసేటప్పుడు ఒక్కరే కూర్చోకుండా, కెప్టెన్‌ను, గోల్ కీపర్‌ను, బెంచీ మీద ఎక్కువసేపు కూర్చున్న ఒక కుర్రవాణ్ణి పిలిపించుకోవడం మంచిది. లోపల ఆడినవారు తమకు తగిలిన దెబ్బను, రెఫరీ ఇవ్వని ఫౌల్‌ను గుర్తుపెట్టుకుంటారు. బయట కూర్చున్నవాడు మాత్రం ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి ఉంటాడు. ఫోన్లలో తీసిన వీడియోలు ఉంటే అవి కూడా పనికొస్తాయి, కాని మనవాళ్లు వీడియో తీసేది ఎక్కువగా మన ఫ్రీ కిక్కులనే కాబట్టి వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోనక్కరలేదు.

రాయడం పూర్తయ్యాక ఆ వరుసలను గుంపులుగా విడదీయాలి. చివరి ఇరవై నిమిషాల్లో పడిన గోల్స్ ఎక్కువగా ఉంటే అది దమ్ముకు, బెంచీకి సంబంధించిన సమస్య. కార్నర్ల మీద పడినవి ఎక్కువైతే గోల్ కీపర్‌కు, స్టాపర్‌కు (వెనుక వరుస మధ్యలో ఆడేవాడికి) మధ్య మాట లేదని అర్థం. మన సగంలో బంతి పోగొట్టుకుని తిన్న గోల్స్ ఎక్కువైతే మధ్యలో ఆడే హాఫ్‌ల గురించి ఆలోచించాలి. ఈ మూడింటిలో ఏది ఎక్కువో తేలకుండా ‘మనకు మంచి స్ట్రైకర్ కావాలి’ అనడం మన జిల్లాల్లో ప్రతి వేసవిలోనూ వినిపించే మాట. స్ట్రైకర్ కావాలన్న జట్లలో సగానికి పైగా వాటికి నిజంగా కావలసింది గోల్ కీపరేనని నా అభిప్రాయం.

బెంచీ విషయంలో నిబంధనలు కూడా మారాయి. ఒక మ్యాచ్‌లో ఐదుగురిని మార్చుకునే వీలును 2022లో ఆట నియమాల్లో శాశ్వతం చేశారు. స్థానిక టోర్నమెంట్లలో నిర్వాహకులు తమ వీలును బట్టి సంఖ్య నిర్ణయిస్తారు కాబట్టి ముందుగానే అడిగి తెలుసుకోవాలి. ఐదు మార్పులకు అవకాశం ఉన్నచోట, పదిమంది అవుట్‌ఫీల్డ్ ఆటగాళ్లలో సగం మందిని మార్చవచ్చు. పదకొండు మంది మంచివాళ్లు, ముగ్గురు స్నేహితులు అన్న పద్ధతిలో జాబితా తయారుచేసే జట్టుకు ఈ నియమం వల్ల నష్టమే తప్ప లాభం ఉండదు.

ఎవరుంటారు, ఎవరు పోతారు

ఈ పనిని మే నెల చివరి వారానికి పూర్తి చేయాలి. జట్టులోని ప్రతి ఒక్కరి పేరు రాసి, ‘ఊళ్లోనే ఉంటాడు’, ‘మ్యాచ్ రోజు రాగలడు’, ‘రాలేడు’ అని మూడు భాగాలుగా విడదీయాలి. ఇంటర్ రెండో సంవత్సరం పూర్తయినవారు ఎక్కువగా ఇంజినీరింగ్‌కో, డిగ్రీకో హైదరాబాద్ వెళ్లిపోతారు. డిగ్రీ పూర్తయినవారు కోచింగ్ సెంటర్ల బాట పడతారు. పల్లెల నుంచి వచ్చే కుర్రవాళ్లు మృగశిర కార్తె దాటి వానలు మొదలైతే పత్తి విత్తనాల పనిలో ఉంటారు కాబట్టి, వారు జూన్‌లో కనిపించకపోతే ఆట మానేశారని అనుకోకూడదు. పాలమూరు వైపు అయితే తల్లిదండ్రులు పనుల కోసం ఇతర ప్రాంతాలకు వెళ్లినప్పుడు ఇంటి బాధ్యత మీద పడిన పిల్లలు కూడా ఉంటారు. వారి విషయాన్ని ఇంకొంత ఓపికతో చూడాలి.

ఈ సమాచారం వాట్సాప్ గ్రూపులో అడిగితే దొరకదు. గ్రూపులో అందరూ బొటనవేలు గుర్తు పెడతారు, అంతటితో సరి. ఒక్కొక్కరిని విడిగా, వీలైతే ఇంటికి వెళ్లి కలవాలి. మాట తీరును కూడా గమనించాలి. ‘ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్త, సాయంత్రం మల్ల పోవాలె అన్నా’ అన్న కుర్రవాడు ఆలోచించి చెబుతున్నాడు, అతన్ని నమ్మవచ్చు. ‘చూద్దాం తియ్ అన్నా’ అన్నవాడి పేరును మూడో భాగంలో రాసుకోవడమే క్షేమం. ఇంటికి వెళ్లినప్పుడు తల్లితోనో, తండ్రితోనో రెండు మాటలు మాట్లాడటం మరవకూడదు. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, చదువు పాడవుతుందేమో అన్న వారి రెండు సందేహాలకు ముందే సమాధానం చెప్పిన జట్టుకు పరీక్షల కాలంలో కూడా ఆటగాళ్లు దొరుకుతారు.

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. మ్యాచ్ రోజు ఉదయం బస్సెక్కి వచ్చి ఆడటం అసాధ్యమేమీ కాదు, చాలామంది అలా వచ్చి ఆడుతున్నారు కూడా. అయితే రెండున్నర గంటలు బస్సులో కూర్చుని దిగిన కాళ్లతో నేరుగా మ్యాచ్‌లోకి దిగితే తొడ కండరాలు పట్టేసే ప్రమాదం ఉంటుంది. అటువంటివారికి జాబితాలో చోటు ఇవ్వాలి కాని గోల్ కీపర్, స్టాపర్, సెంటర్ హాఫ్ (మైదానం మధ్యలో ఆడేవాడు) స్థానాలు ఇవ్వకూడదు. ఈ మూడు స్థానాల్లో ఆడేవారు ఒకరి గొంతు ఒకరికి అలవాటై ఉండాలి, ఆ అలవాటు ప్రాక్టీసులో తప్ప రాదు. వింగర్‌గానో, రెండో సగంలో దిగే స్ట్రైకర్‌గానో వారిని చక్కగా ఉపయోగించుకోవచ్చు.

ముందు ఇంట్లో వెతకాలి

ఖాళీలు తేలిన తరువాత చాలామంది వెంటనే బయటికి చూస్తారు. అంతకుముందు, ఉన్నవారిలోనే ఎవరినైనా ఒక స్థానం నుంచి మరో స్థానానికి మార్చి ఆ ఖాళీని పూరించగలమా అని పరిశీలించాలి. ఇందుకు మనవాళ్లు గుర్తుంచుకోదగిన ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టుదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ఇంటికి పంపకుండా, వెనుక ఆడించకుండా, సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద భారత్ 2-1తో గెలిచింది, ఆ రెండు గోల్స్‌లో ఒకటి పీకే బెనర్జీది, రెండోది జర్నైల్ సింగ్‌ది. ఆ ఫైనల్‌లో గోల్ పోస్టుల మధ్య నిలబడినవారు కూడా హైదరాబాదీ అయిన పీటర్ తంగరాజే. తలకు కుట్లున్న ఆటగాణ్ణి నేడు మైదానంలోకి దింపడాన్ని ఎవరూ సమర్థించరు, సమర్థించకూడదు కూడా. అందులో మనం తీసుకోవలసింది, ఒక ఆటగాడు ఏ స్థానానికి పేరుపడ్డాడన్నదానికంటే అతనికి ఏమేం చేతనవునో శిక్షకుడికి తెలిసి ఉండటం.

మన జట్లలో ఇటువంటి మార్పులకు అనువైనవారు తరచు కనిపిస్తారు. వేగం తగ్గిపోయినా బంతిని చూపు తిప్పకుండా పంపగలిగే ముప్ఫై ఏళ్ల వింగర్‌ను సెంటర్ హాఫ్‌గా మార్చవచ్చు. గోల్స్ కొట్టలేకపోయినా అలుపు లేకుండా పరుగెత్తే స్ట్రైకర్‌ను వింగ్ బ్యాక్‌గా, అంటే అంచున వెనుక కాపాడుతూనే ముందుకూ పరుగెత్తేవాడిగా, ఆడించి చూడవచ్చు. అయితే మార్పును మే, జూన్ నెలల్లో చిన్న ఆటల్లో ప్రయత్నించి, అతనికి నచ్చజెప్పి చేయాలి తప్ప టోర్నమెంట్ ఉదయం జెర్సీ ఇస్తూ చెప్పకూడదు.

గోల్ కీపర్

అన్ని ఖాళీల్లోకీ కష్టమైనది ఇదే గనుక కొంత వివరంగా చెప్పాలి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. సరిగ్గా మధ్యలో నిలబడినా ఇరువైపులా 3.66 మీటర్ల చొప్పున కాపాడుకోవాలి. మన గ్రౌండ్లలో గోల్ ముందున్న నేల గడ్డి పోయి, మొరం తేలి, వేసవిలో సిమెంటులా గట్టిపడి ఉంటుంది. అటువంటి నేల మీద పక్కకు దూకమంటే ఎవరికైనా భయమే. అందువల్ల చిన్నప్పటి నుంచి గోల్ కీపింగ్ నేర్చుకున్నవారు మన జిల్లాల్లో అరుదు, ఆట సరిగా రానివాణ్ణి పోస్టుల మధ్య నిలబెట్టడమే ఆనవాయితీ అయింది.

ఇతర ఆటల నుంచి తీసుకోవడమే దీనికి మంచి మార్గం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వాలీబాల్ ఆడని ఊరు అరుదు. వాలీబాల్‌లో బ్లాక్ చేసే పొడగరి కుర్రవాడికి గాలిలోని బంతి ఎక్కడ దిగుతుందో అంచనా వేయడం, రెండు చేతులతో ఒకేసారి పైకి లేవడం అప్పటికే తెలిసి ఉంటాయి. హ్యాండ్‌బాల్ గోల్ కీపర్ దొరికితే మరీ మంచిది. కబడ్డీ కుర్రవాళ్లకు గట్టి నేల మీద పడే అలవాటు ఉంటుంది. అటువంటి ఇద్దరిని ఏప్రిల్‌లోనే ఎంచుకుని, వేసవి అంతా నేర్పితే అక్టోబరుకు ఒకరైనా నిలబడతారు. ఒక్కరినే ఎంచుకుంటే అతనికి జ్వరం వచ్చిన రోజు మళ్లీ పాత కథే.

నేర్పే వరుస కూడా ముఖ్యమే. మొదటి రెండు వారాలు దూకడం ఊసే వద్దు. ఛాతీ ఎత్తున వచ్చే బంతిని, రెండు బొటనవేళ్లు దాదాపు తాకేంత దగ్గరగా, వేళ్లు విప్పి బంతి వెనుక ఉంచి పట్టుకోవడం, పట్టిన వెంటనే ఛాతీకి హత్తుకోవడం నేర్పాలి. నేల మీద వచ్చే బంతికి ఒక మోకాలిని వంచి, కాళ్ల మధ్య సందు లేకుండా శరీరాన్ని బంతి వెనుకకు తేవాలి. వాలీబాల్ కుర్రవాళ్లు మొదట్లో బంతిని పట్టుకోకుండా కొట్టడానికే చూస్తారు, ఆ అలవాటు పోవడానికి కొంత కాలం పడుతుంది, విసుక్కోకూడదు. తరువాత అడుగులు: పక్కకు కదిలేటప్పుడు కాళ్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా చిన్న చిన్న అడుగులు వేయడం, బంతి ఉన్నవాడికి ఎదురుగా రెండు మూడడుగులు ముందుకు వచ్చి అతనికి కనిపించే గోల్‌ను తగ్గించడం. ఇవి కుదిరిన తరువాతనే దూకడం. దానిని గోల్ ముందున్న గట్టి నేల మీద కాకుండా గ్రౌండ్‌లో ఒక మూలనుండే లాంగ్ జంప్ ఇసుక గుంతలో నేర్పాలి. మొదట మోకాళ్ల మీద ఉండి పక్కకు ఒరగడం, ఆ తరువాత గొంతుక్కూర్చుని, చివరగా నిలబడి. నేలను ముందు పిక్క, తరువాత తొడ, తుంటి, భుజం వరుసగా తాకాలి, మోచేయి మీద పడకూడదు.

కొత్తగా వచ్చేవారికి రెండు నియమాలు తప్పనిసరిగా చెప్పాలి. సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను గోల్ కీపర్ చేత్తో పట్టకూడదన్న నియమం 1992 నుంచి ఉంది, అందువల్ల వాలీబాల్ నుంచి వచ్చినవాడు కూడా కాలితో బంతిని ఆపి, రెండు కాళ్లతోనూ దూరంగా కొట్టడం నేర్చుకోవాలి. రెండోది 2025లో వచ్చింది: బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు బంతిని కౌగిలించుకుని కాలం గడిపే పాత పద్ధతి ఇక సాగదు.

బయటి నుంచి తెచ్చుకునేవారు

ఇంతవరకు చేశాక కూడా మిగిలే ఖాళీలు సాధారణంగా రెండో మూడో ఉంటాయి, అంతకు మించితే లెక్క మళ్లీ చూసుకోవాలి. వాటి కోసం మొదట ప్రభుత్వ జూనియర్ కళాశాలల, గురుకులాల పీఈటీ సార్లను కలవాలి. స్కూల్ గేమ్స్‌లో అండర్-17, అండర్-19 విభాగాల్లో ఆడి, ఆ తరువాత జట్టు దొరక్క ఆట మానేసిన పిల్లల పేర్లు వారికి తెలుసు. జిల్లా యువజన, క్రీడల శాఖ వేసవి శిక్షణ శిబిరాలు జరిగే రోజుల్లో అక్కడికి వెళ్లి చూడటం మరో మార్గం. మూడో మార్గం మన కళ్లముందే ఉంటుంది. నల్లగొండలోని ఎన్జీ కాలేజీ గ్రౌండ్ వంటిచోట, లేదా మహబూబ్‌నగర్ స్టేడియంలో తెల్లవారుజామున కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. వారిలో చిన్నప్పుడు బంతి ఆడినవారు ఎవరో ఒకరు ఉంటారు. దమ్ము ఇప్పటికే ఉంది కాబట్టి వింగ్ బ్యాక్‌కు కావలసిన మిగతా విద్య నేర్పవచ్చు. నోటిఫికేషన్ వస్తే మాత్రం వెళ్లిపోతారని ముందే తెలిసి తీసుకోవాలి.

సెలక్షన్స్ పెట్టే పద్ధతి కూడా మారాలి. వరుసగా నిలబెట్టి, బంతిని ఎవరు ఎక్కువసేపు కాలిమీద ఆడిస్తే వారిని తీసుకోవడం ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. దానివల్ల తెలిసేది తక్కువ. చిన్న గ్రౌండ్ గీసి, నలుగురు చొప్పున రెండు జట్లు చేసి, పది నిమిషాల ఆటలు నాలుగైదు ఆడించాలి. బంతి దగ్గర ఉన్నప్పుడు ఏం చేస్తాడన్నది అందరూ చూస్తారు. బంతి పోగొట్టుకున్న తరువాతి మూడు సెకన్లలో ఏం చేస్తాడన్నది మీరు చూడాలి. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా, వెనక్కి తిరిగి పరుగెత్తాడా, లేక పాస్ సరిగా ఇవ్వలేదని పక్కవాణ్ణి తిట్టాడా? అదే కుర్రవాణ్ణి వారం తరువాత మరొకసారి పిలవాలి. మొదటి రోజు బాగా ఆడి, రెండోసారి చెప్పకుండా మానేసినవాడు సీజన్‌లో కూడా అలాగే చేస్తాడు.

వేరే జట్టులో ఆడుతున్నవాణ్ణి తీసుకోవాలనుకుంటే, అతనికి ఫోన్ చేసే ముందు ఆ జట్టు కెప్టెన్‌కో, వారి సార్‌కో విషయం చెప్పడం మర్యాద. మిర్యాలగూడవాళ్లు, సూర్యాపేటవాళ్లు, మనం ఏడాది పొడవునా ఒకరితో ఒకరం మ్యాచ్‌లు ఆడవలసినవాళ్లమే. నమోదు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తించిన పోటీల్లో ఆడే క్లబ్బులు తమ ఆటగాళ్లను ఆన్‌లైన్ కేంద్రీకృత నమోదు విధానంలో చేర్చాలి. ఒక క్లబ్బు పేరుతో నమోదై ఉన్నవాడు బదిలీ పూర్తికాకుండా మరో క్లబ్బుకు ఆడలేడు. పాత క్లబ్బు పేరు మీద ఎప్పుడో నమోదైన సంగతి కుర్రవాడికే గుర్తుండదు, అందుకని తీసుకునే ముందే ఆధార్ వివరాలతో సరిచూసుకోవాలి.

టోర్నమెంట్ ప్రైజ్ మనీ కోసం హైదరాబాద్ నుంచి ముగ్గురు నలుగురిని ఆ ఒక్కరోజుకు డబ్బులిచ్చి తెచ్చుకునే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఒక కప్పు రావచ్చు, కాదనను. కాని జూన్ నుంచి ఎండలో, వానలో ప్రాక్టీసు చేసిన ముగ్గురు కుర్రవాళ్లు ఆ రోజు బెంచీ మీద కూర్చుంటారు, వారిలో ఇద్దరు మరుసటి వారం నుంచి రారు.

జట్టును కట్టడానికి ఎంత కాలం పడుతుందో, చెదరడానికి ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్ర చాలు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో తన తొలి సీజన్ 2019-20లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో ఆ జట్టు అట్టడుగున నిలిచింది. ఆ తరువాతి విరామంలో మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చారు, ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ వంటి పెద్దగా పేరులేని యువ భారతీయ ఆటగాళ్లకు ఇరువైపుల బ్యాక్ స్థానాలు అప్పగించి వరుసగా ఆడించారు. 2020-21లో 29 పాయింట్లతో ఐదో స్థానం వచ్చింది, ప్లేఆఫ్స్ త్రుటిలో తప్పిపోయాయి. వెనుక వరుస కుదురుకున్న తరువాత ముందు వరుసలో స్ట్రైకర్ ఓగ్‌బెచే చేరాడు, 2021-22 సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి జట్టు చాంపియన్ అయింది. ఆ ఫైనల్ షూటౌట్‌లో మూడు కిక్కులను ఆపింది గోల్ కీపర్ కట్టిమణి. అదే క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో పడి, ఆటగాళ్లు వరుసగా వెళ్లిపోయాక, 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో మళ్లీ అట్టడుగుకు చేరింది. మన స్థాయిలో జీతాల మాట ఉండదు కాని బూట్లు, బస్సు చార్జీలు, దెబ్బ తగిలితే ఎక్స్‌రే ఖర్చు ఉంటాయి. కొత్తవాడికి ఆశ పెట్టే ముందు, ఉన్నవారికి ఇస్తామన్నవి ఇచ్చామా లేదా అని చూసుకోవాలి.

ఎండాకాలపు ప్రాక్టీసు

నల్లగొండ ఎండల గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఏప్రిల్‌లో ఆటగాళ్లకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి, పాత గాయాలున్నవారు డాక్టర్‌కు చూపించుకోవలసిన నెల అదే. మే నెలలో వారానికి మూడు రోజులు, ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి ఏడు లోపల ముగించాలి. సాయంత్రం ఐదు గంటలకు కూడా నేల సెగలు కక్కుతూనే ఉంటుంది కాబట్టి ఆ నెలలో సాయంత్రపు ప్రాక్టీసు పెట్టకపోవడమే మంచిది. మృగశిర తరువాత, వాతావరణం చల్లబడ్డాక, వారానికి నాలుగు రోజులకు పెంచవచ్చు. ప్రతి పదిహేను నిమిషాలకు ఒకసారి నీళ్లు తాగించాలి. ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. తల తిరుగుతోందని, వణుకు వస్తోందని ఎవరైనా అంటే ఆ రోజుకు అతని ప్రాక్టీసు ముగిసినట్టే. నీడలో పడుకోబెట్టి తడి గుడ్డలతో తుడవాలి, మాట తడబడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రాక్టీసు మొదట్లో గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తి, నిలబడి కాళ్లు సాగదీయడం మన దగ్గర వార్మప్‌గా చెలామణి అవుతోంది. దానికి బదులు ఫిఫా 11+ అనే వ్యాయామ క్రమాన్ని అలవాటు చేయాలి. నెమ్మది పరుగులు, బలాన్ని, నిలకడను పెంచే వ్యాయామాలు, వేగపు పరుగులు కలిసి ఇరవై నిమిషాల్లో పూర్తవుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చేసే జట్లలో గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది, పరికరాలేవీ అక్కరలేదు. అందులో తొడ వెనుక కండరానికి ఉద్దేశించిన వ్యాయామం మనవాళ్లకు చాలా అవసరం. ఒకరు మోకాళ్ల మీద నిటారుగా ఉండాలి, వెనుక కూర్చున్నవాడు అతని చీలమండలను నేలకు అదిమి పట్టుకోవాలి, ముందున్నవాడు నడుము వంచకుండా వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరుగుతూ చివర్లో చేతుల మీద వాలాలి. మొదటి వారం మూడు నుంచి ఐదుసార్లు మించకూడదు. మరునాడు మెట్లు దిగడం కష్టంగా ఉందని అందరూ ఫిర్యాదు చేస్తారు, అది మామూలే.

దమ్ము ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరో జూన్ మొదట్లో ఒకసారి, జులై చివర్లో ఒకసారి కొలవాలి. 400 మీటర్ల ట్రాక్ మీద ఏడు రౌండ్లు, అంటే 2,800 మీటర్లు పూర్తిచేసినవాడు మంచి స్థితిలో ఉన్నట్టు. ఇద్దరి మధ్య పోల్చడానికి కాకుండా, ఒక్కొక్కరి పాత దూరంతో కొత్త దూరాన్ని పోల్చడానికే ఈ అంకెలను వాడాలి. మిగతా సమయమంతా బంతితోనే గడపాలి. బూట్లు, షిన్ గార్డులు నియమాల ప్రకారం తప్పనిసరి కాబట్టి, ఉత్త కాళ్లతో ఆడే అలవాటున్న కుర్రవాళ్లకు జూన్‌లోనే బూట్లు ఇప్పించి అలవాటు చేయాలి, కొత్త బూట్లతో తొలి మ్యాచ్ ఆడినవాడి మడమలు పుండ్లు పడతాయి.

ఆశ ఎంతవరకు

జులై వచ్చేసరికి జట్టులో ఉత్సాహం పెరుగుతుంది, ఈసారి కప్పు మనదే అన్న మాటలు మొదలవుతాయి. కెప్టెన్ అలా అనడంలో తప్పులేదు, అనాలి కూడా. జట్టును నడిపేవారు మాత్రం తమ లక్ష్యాలను గోల్స్ పుస్తకంలోంచి తీసుకోవాలి. కార్నర్ల మీద నిరుడు తిన్న గోల్స్‌ను సగానికి తగ్గించడం, ప్రాక్టీసుకు ప్రతిసారీ కనీసం పద్నాలుగు మంది రావడం, వెనుక నలుగురూ వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు మారకుండా ఆడటం వంటివి మన చేతిలో ఉన్న లక్ష్యాలు. టోర్నమెంట్ డ్రా తీసినప్పుడు మనకు ఎదురుగా ఎవరు తగులుతారన్నది మన చేతిలో లేదు. కొత్త గోల్ కీపర్‌తో దిగుతున్న జట్టుకు మొదటి టోర్నమెంట్‌లో తొలి రౌండ్ దాటడమే మంచి ఫలితమని నేను భావిస్తాను.

జులై మూడో వారంలో ఇరవై మంది జాబితా తేల్చుకోవాలి: గోల్ కీపర్లు ఇద్దరు, వెనుక ఆడేవారు ఏడుగురు, మధ్యలో ఆరుగురు, ముందు ఐదుగురు. చోటు దక్కనివారికి ఆ మాట జాబితా గ్రూపులో పెట్టడానికి ముందే, ముఖాముఖి, కారణంతో సహా చెప్పాలి. ‘తమ్మీ, ఈసారి లేదు, ఎడమ కాలితో పాస్ కుదిరితే డిసెంబరులో మళ్లీ చూస్తా’ అన్నంత స్పష్టంగా చెబితే చాలామంది ప్రాక్టీసుకు వస్తూనే ఉంటారు. ఇరవై మందివీ ఆధార్ నకళ్లు, పుట్టిన తేదీ పత్రాలు, నాలుగేసి ఫొటోలు ఒకే ఫైలులో పెట్టి కెప్టెన్ దగ్గర కాకుండా మేనేజర్ దగ్గర ఉంచాలి.

చివరగా, నెలాఖరులో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకోవాలి. మొదటిది మనకంటే కొంత బలహీనమైన జట్టుతో, రెండోది తప్పకుండా మనల్ని నిరుడు ఓడించిన జట్టుతో. మొదటి దానిలో ఇరవై మందీ కనీసం అరగంట చొప్పున ఆడాలి. రెండోదానిలో అసలు పదకొండు మందిని డెబ్బై నిమిషాల వరకు కదపకుండా ఉంచి, ఆ తరువాత ఐదు మార్పులూ ఒక్కొక్కటిగా చేసి, చివరి ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో నోటుబుక్కులో కొత్త పేజీ మొదలుపెట్టి రాయాలి.